పాత పికప్‌లో చెక్ ఇంజిన్ లైటు: కోడ్ ఎంతవరకు చెబుతుంది?

పాతికేళ్ల నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ఒకటి తీసుకుందాం. 5.4 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజిన్ బండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుప్పచ్చ లైటు వెలుగుతుంది. స్టార్టయ్యాక అది ఆరిపోవాలి. ఈసారి ఆరలేదు. బండి మాత్రం బాగానే కదులుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాస్త వణుకుతోంది, అంతే. ఇప్పుడు యజమాని ఏం చేయాలి?

ఎక్కువమంది దగ్గర్లోని విడిభాగాల దుకాణానికి వెళ్తారు. అమెరికాలో ఆటోజోన్ లాంటి దుకాణాలు చాలాచోట్ల డబ్బు తీసుకోకుండానే కోడ్ చదివి చెబుతాయి. కోడ్‌తోపాటు అందుకు కారణం కావచ్చంటూ ఒకటి రెండు భాగాల పేర్లు కూడా వినిపిస్తాయి. వాటిలో ఒకటి కొని బిగిస్తారు. కొన్నాళ్లకు లైటు మళ్లీ వస్తుంది. ఇంకో భాగం కొంటారు. ఇలా ఖర్చు పెరిగి పెరిగి, చివరికి విసుగొచ్చి బండినే అయినకాడికి అమ్మేసేవాళ్లున్నారు. అసలు లోపం ఒక చిన్న రబ్బరు గొట్టంలో ఉండి ఉండవచ్చు. ఈ తిప్పలు తప్పాలంటే ఆ లైటు ఎందుకు పుట్టిందో, కోడ్ ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడినుంచి మనమే వెతుక్కోవాలో తెలియాలి.

ఇది పాత బండ్లున్న కొద్దిమంది గొడవ కాదు. అమెరికా రోడ్ల మీద తిరిగే కార్లు, చిన్న ట్రక్కుల సగటు వయసు 2024లో 12.6 ఏళ్లకు చేరింది. కొత్త పికప్ ధర చూసి వెనక్కి తగ్గి, ఉన్నదాన్నే బాగుచేయించుకుని నడుపుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారు.

లైటు కథ లాస్ ఏంజెలెస్ పొగమంచుతో మొదలైంది. 1950ల్లో ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడ కళ్లు మండించే మబ్బు ఎలా పుడుతోందో వివరించాడు. వాహనాల పొగ, పెట్రోలు ఆవిర్లు ఎండ తగిలి మారిపోవడమే దానికి మూలమని తేల్చాడు. తర్వాత కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఏర్పడింది. వాహనమే తన పొగ నియంత్రణ వ్యవస్థను తాను కనిపెట్టుకుని ఉండాలని ఆ మండలి నియమం పెట్టింది. 1988 మోడళ్ల నుంచి అది అమలైంది. దాన్ని ఓబీడీ (బండిలోనే ఉండే లోప నిర్ధారణ వ్యవస్థ) అంటారు. దీని రెండో తరం ఓబీడీ-2. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లకు, తేలికపాటి ట్రక్కులకు అది తప్పనిసరి అయింది.

ఈ చరిత్ర ఎందుకంటే, లైటు స్వభావం దీంట్లోనే ఉంది. పొగలోని కాలుష్యం అనుమతించిన హద్దుకు సుమారు ఒకటిన్నర రెట్లు దాటగల లోపం కనిపిస్తే లైటు వెలగాలన్నది ఓబీడీ-2లోని మూల సూత్రం. అందుకే పెట్రోలు ట్యాంకు మూత వదులైనా వెలుగుతుంది. ఇంజిన్ ఆయిలు అడుగంటినా వెలగకపోవచ్చు. ఆయిలు ఒత్తిడికి, ఇంజిన్ వేడికి వేరే ఎర్ర లైట్లో, ముల్లు తిరిగే గేజీలో ఉంటాయి. అవి హెచ్చరిస్తే బండిని వెంటనే పక్కకు తీసి ఆపాలి. పసుపు లైటు నిలకడగా వెలుగుతుంటే అంత తొందర లేదు. ఆయిలు, కూలెంటు చూసుకుని, బండి నడకలో తేడా లేకపోతే ఇంటికి వెళ్లవచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ మిణుకుమంటే ఇంజిన్ గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు మండడం లేదు. ఆ మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (విషవాయువులను తక్కువ హానికరమైనవిగా మార్చే పెట్టె) వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోగలదు. కొత్త కన్వర్టర్ వేయించాలంటే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. మిణుకుతున్న లైటుతో బరువు లాగకూడదు, ఘాట్ రోడ్డు ఎక్కకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, వీలైనంత త్వరగా ఆపాలి.

ఇక కోడ్ సంగతి. స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. 1996 తర్వాతి బండ్లలో ఏ కంపెనీదైనా దీని ఆకారం ఒకటే. భారతదేశంలో కూడా బీఎస్-4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల నాలుగో దశ) వాహనాలకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ తొలి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. కూరగాయలు మోసే బొలెరో పికప్‌కైనా అది అలాంటి వాహనమైతే ఈ పద్ధతే వర్తిస్తుంది. డీజిల్ బండిలో వెతికే చోట్లు మాత్రం వేరు. సాకెట్‌లో పెట్టే చిన్న స్కానర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఫోనుకు బ్లూటూత్‌తో కలుస్తుంది. కొనేటప్పుడు ఒకటే చూడాలి. అది కోడ్ చదివి ఊరుకునేదై ఉండకూడదు. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ల అంకెలను కూడా చూపించాలి. అసలు పని ఆ అంకెలతోనే జరుగుతుంది.

1995, అంతకు ముందటి పికప్‌లకు ఇది పనికిరాదు. వాటిలో కంపెనీకో పద్ధతి. ఆ కాలపు షెవ్రొలె పికప్‌లలో డాష్‌బోర్డు కింద పన్నెండు పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో ఎ, బి పిన్నులను చిన్న తీగతో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయాలి. చెక్ ఇంజిన్ లైటే మిణుకుతూ కోడ్ చెబుతుంది. ఒకసారి మిణికి, కాస్త ఆగి, వెంటవెంటనే రెండుసార్లు మిణికితే అది 12. పరీక్ష మొదలైందని దాని అర్థం. అది మూడుసార్లు వచ్చాక అసలు కోడ్‌లు వస్తాయి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.

మన ఎఫ్-150కి వద్దాం. స్కానర్ రెండు కోడ్‌లు చూపించింది: పి0171, పి0174. మొదటిది ఒకటో బ్యాంకులో మిక్చరు మరీ పలచనైందంటోంది. రెండోది రెండో బ్యాంకులోనూ అంతే అంటోంది. బ్యాంకు అంటే వీ8 ఇంజిన్‌లో ఒక పక్కనున్న నాలుగు సిలిండర్ల వరస. ఈ ఫోర్డ్ ఇంజిన్‌లో ఒకటో బ్యాంకు ప్రయాణికుడి వైపు, రెండోది డ్రైవరు వైపు ఉంటాయి. కోడ్‌ను చెరిపేసే బటన్ జోలికి పోకుండా ముందు ఒక పని చేయాలి. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతున్నాయో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ (లోపం దొరికిన క్షణపు అంకెల పట్టిక) అంటారు. దాన్ని రాసుకోవాలి, లేదా ఫోనులో ఫొటో తీసుకోవాలి. కోడ్ చెరిపితే ఇదీ పోతుంది. లోపం ఐడిలింగులో వచ్చిందా, హైవే మీద వచ్చిందా అన్నది చెప్పే సాక్ష్యం ఇదొక్కటే.

పలచన మిక్చరు అంటే ఏమిటి? పెట్రోలు సరిగా మండాలంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజిన్‌లోకి వచ్చే గాలిని ఎయిర్ ఫిల్టరు తర్వాత ఉండే మాఫ్ సెన్సర్ (వేడి తీగ చల్లబడే తీరును బట్టి గాలి బరువు కొలిచేది) లెక్కపెడుతుంది. ఆ లెక్క ప్రకారం కంప్యూటర్ పెట్రోలు చిమ్మిస్తుంది. మండిన తర్వాత పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఆక్సిజన్ సెన్సర్ చూస్తుంది. ఎక్కువ మిగిలితే దాని వోల్టేజి 0.1 దగ్గరికి పడిపోతుంది. మిక్చరు చిక్కబడితే 0.9 దాకా పెరుగుతుంది. దాన్ని చూసి కంప్యూటర్ ఎప్పటికప్పుడు పెట్రోలును సవరిస్తూ ఉంటుంది. ఈ సవరణే ఫ్యూయల్ ట్రిమ్ (లెక్క కన్నా ఎంత శాతం ఎక్కువ తక్కువలు పోస్తున్నదీ చెప్పే అంకె). అప్పటికప్పుడు చేసేది ఒకటి, అలవాటుగా మారినది ఇంకొకటి. రెండూ కలిపి పది శాతం లోపు అటూఇటూగా ఉంటే కంగారు లేదు. సవరణ పెరుగుతూ పోయి ఇరవై, పాతిక శాతం దాటిందంటే, ఇక తన చేతిలో లేదని కంప్యూటర్ లైటు వెలిగిస్తుంది. సాధారణంగా ఒకసారి చూసి ఊరుకుంటుంది, తర్వాతి ప్రయాణంలోనూ అదే కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పలచన అని చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి దాన్నే మార్చేస్తారు. ఈ బండిలో ముందు వైపు సెన్సర్లు రెండు, బ్యాంకుకు ఒకటి. రెండూ ఒకేసారి, ఒకే రకంగా పాడవడం అరుదు. రెండూ ఒకే మాట చెబుతున్నాయంటే అవి నిజం చెబుతున్నాయనే ముందుగా నమ్మాలి. నిజం చెప్పిన సెన్సర్‌ను తీసి చెత్తబుట్టలో వేసి కొత్తది పెడితే, అదీ అదే చెబుతుంది.

రెండు బ్యాంకులూ పలచనయ్యాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట లోపం ఉంది. ఉమ్మడివి మూడే. మాఫ్ సెన్సర్, పెట్రోలు సరఫరా, కొలతకు దొరకకుండా దొంగదారిన వచ్చే గాలి. ఒక్క బ్యాంకుకే కోడ్ వచ్చి ఉంటే వెతికే చోటు మారేది. ఆ పక్క ఆక్సిజన్ సెన్సర్‌ను, ఇంజెక్టర్లను, ఇన్‌టేక్ గ్యాస్కెట్‌ను, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌ను చూడాలి. ఈ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ బోల్టులు తుప్పుపట్టి విరుగుతుంటాయి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గిపోయే చప్పుడు దాని గుర్తు. ఆ సందులోంచి బయటి గాలి పొగదారిలోకి చొరబడితే, మిక్చరు సరిగా ఉన్నా సెన్సర్‌కు పలచనగా కనిపిస్తుంది.

ఉమ్మడి మూడింటిలో ఏదో తేల్చడానికి భాగాలు విప్పనక్కర్లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో ట్రిమ్ చూస్తూ ఐడిలింగులో ఒక నిమిషం ఉంచాలి. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం నిలకడగా పట్టుకోవాలి. ఐడిలింగులో ఇరవై పైన ఉన్న ట్రిమ్ 2500 దగ్గర అయిదుకో ఆరుకో పడిపోయిందనుకుందాం. అయితే అది దొంగ గాలే. కారణం సూటిగా ఉంది. ఐడిలింగులో థ్రాటిల్ (లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే రెక్క) దాదాపు మూసుకుని ఉంటుంది. లోపల పీల్పు గట్టిగా ఉంటుంది, లోపలికి వెళ్లే మొత్తం గాలి మాత్రం తక్కువ. సెకనుకు అయిదు గ్రాముల గాలి వెళ్తున్నప్పుడు చీలికలోంచి ఒక గ్రాము అదనంగా వస్తే అది అయిదో వంతు. థ్రాటిల్ తెరిచి గాలి సెకనుకు ఇరవై గ్రాములకు పెరిగితే, అదే గ్రాము ఇరవయ్యో వంతే.

దీనికి తిరగబడితే, అంటే వేగం, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పైకి పోతుంటే, మాఫ్ సెన్సర్ తక్కువ చెబుతోంది, లేదా పెట్రోలు చాలడం లేదు. మాఫ్ తీగ మీద దుమ్ము, ఆయిలు పొర పట్టడం మామూలు. నూనె పూసి వాడే రకం ఎయిర్ ఫిల్టరు ఉంటే ఇంకా ఎక్కువ. మాఫ్ కోసమే అమ్మే స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాలి. బ్రేకులు కడిగే స్ప్రే కొట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు. ఆ తీగ వెంట్రుకంత సన్నంగా ఉంటుంది. కడిగినా మార్పు లేకపోతే ఫ్యూయల్ ఫిల్టరు, పంపు ఒత్తిడి గేజీతో చూడాలి. గేజీ పెట్టకుండా పంపు మార్చమని ఎవరైనా అంటే ఆగమనండి. ఆ పంపు ట్యాంకులో ఉంటుంది, మార్చాలంటే సాధారణంగా ట్యాంకు దించాలి.

మన బండిలో ట్రిమ్ ఐడిలింగులోనే ఎక్కువ. కాబట్టి చీలిక వెతకాలి. ఈ ఇంజిన్ గురించి తెలిసిన మెకానిక్ నేరుగా ఒక చోటికి చేయి పోనిస్తాడు. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారిన వాయువులను మళ్లీ ఇంజిన్‌లోకే పంపే పీసీవీ (క్రాంక్‌కేస్ వాయువులను వెనక్కి లాగే వాల్వు, గొట్టం) ప్రయాణికుడి వైపు వాల్వ్ కవర్ మీదినుంచి బయలుదేరుతుంది. థ్రాటిల్ బాడీ వెనక్కి వెళ్లేసరికి అది ఒక రబ్బరు మోచేయిగా వంగుతుంది. ఏళ్ల తరబడి ఆయిలు ఆవిరి తగిలి ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పైనుంచి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. చీలిక అడుగు వైపు, వంపు లోపల ఉంటుంది. ఇంజిన్ చల్లారాక చేయి వెనక్కి పోనిచ్చి వేలితో కిందినుంచి తడిమితే జిగటగా, నొక్కితే లోపలికి పోయేంత మెత్తగా తగులుతుంది. చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే చీలిక పెదవులు కనిపిస్తాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు చెవి పెడితే సన్నగా బుస వినిపిస్తుంది. మోచేయికి, ఇంజిన్‌కు మధ్య చోటుంటే దాన్ని ఒక్క క్షణం నొక్కిపెట్టి స్కానర్ చూడాలి. ట్రిమ్ దిగొస్తే వెతుకులాట ముగిసినట్టే. ఆ రబ్బరు ముక్క ఖరీదు కొద్ది డాలర్లు.

అక్కడ దొరక్కపోతే మిగతా వాక్యూమ్ గొట్టాలను, బ్రేకు బూస్టరు గొట్టాన్ని, ఇన్‌టేక్ గ్యాస్కెట్లను చూడాలి. షెడ్డులో పొగ యంత్రం ఉంటే సులువు. అది ఇన్‌టేక్‌లోకి పొగ ఎక్కిస్తుంది, చీలిక ఎక్కడుంటే అక్కడినుంచి పొగ బయటికొస్తుంది. కొందరు కార్బురేటర్ క్లీనర్ చిమ్ముతూ వెతుకుతారు. నేను దాన్ని సిఫారసు చేయను. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చిమ్మడం బండికీ మనిషికీ ప్రమాదం.

ఈ ఇంజిన్లో తరచుగా వచ్చే ఇంకో లోపం మిస్సింగు. పి0300తో మొదలయ్యే వరసలో చివరి అంకె సిలిండర్ నంబరు. పి0304 అంటే నాలుగో సిలిండర్, ప్రయాణికుడి వైపు అన్నింటికన్నా వెనకది. ఈ బండిలో ప్రతి ప్లగ్గు మీదా విడిగా ఒక కాయిల్ ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. నాలుగో కాయిల్‌ను తీసి రెండో దాని మీద పెట్టాలి, రెండోది నాలుగో దాని మీద. కోడ్ చెరిపి నడపాలి. ఈసారి పి0302 వస్తే కాయిల్‌దే తప్పు, లోపం దాని వెంటే నడిచి వెళ్లింది. మళ్లీ పి0304 వస్తే కాయిల్ మంచిదే. ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ వరసగా చూసుకోవాలి. కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంతలో తడి ఉందేమో కూడా చూడాలి. వాన నీరో, కారుతున్న కూలెంటో అక్కడ చేరితే కొత్త కాయిల్ కూడా ఎక్కువ రోజులు నిలవదు.

మిగతావి క్లుప్తంగా. పి0455 అంటే పెట్రోలు ఆవిరి బయటికి పోతోందని. ముందు ట్యాంకు మూత రబ్బరు చూసి, టక్‌మనేదాకా బిగించి కొన్ని రోజులు ఆగండి. పి0401 అంటే ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపి మంట వేడి తగ్గించే ఏర్పాటు) ప్రవాహం చాలడం లేదని. ఆ కాలపు ఫోర్డ్‌లలో వాల్వు కన్నా, ఆ ప్రవాహాన్ని కొలిచే డీపీఎఫ్ఈ సెన్సరే ఎక్కువగా చెడుతుంది. పి0420 అంటే కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. ఇది నిజమే కావచ్చు, కానీ కన్వర్టర్ ఊరికే చావదు. మిస్సింగో, ఆయిలు కాలడమో దాన్ని చంపి ఉంటుంది. ఆ కారణం తీయకుండా కొత్తది పెట్టిస్తే అదీ అదే దారి పడుతుంది.

పాత బండి కాబట్టి కరెంటు సంగతి ముందే చూసుకోవడం మంచిది. ఇంజిన్ ఆపినప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైర్లు తుప్పుపట్టినా, ఎలుకలు వైర్లు కొరికినా సెన్సర్లు తప్పుడు అంకెలు పంపుతాయి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు ఒకేసారి వస్తే ముందు అక్కడే చూడాలి.

బాగుచేశాక కోడ్ చెరపవచ్చు, చెరపకపోయినా ఫర్వాలేదు. సాధారణంగా మూడు ప్రయాణాలు వరసగా లోపం కనబడకపోతే లైటు తానే ఆరుతుంది. కోడ్ జ్ఞాపకంలోంచి పోవడానికి నలభై సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారాలి. చెరిపితే మాత్రం రెడీనెస్ మానిటర్లు (ప్రతి వ్యవస్థనూ కంప్యూటర్ పరీక్షించిందా లేదా అన్న గుర్తులు) అన్నీ సున్నాకు వస్తాయి. బ్యాటరీ తీసినా సాధారణంగా అంతే. అవి మళ్లీ నిండాలంటే కొన్ని రోజులు ఊళ్లోనూ హైవే మీదా కలిపి నడపాలి. ట్యాంకు ఆవిరి పరీక్ష అయితే ట్యాంకు మరీ నిండుగానో మరీ ఖాళీగానో ఉంటే జరగనే జరగదు.

ఇది కాలుష్య పరీక్ష రోజున పనికొచ్చే సంగతి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో రెండేళ్లు నిండి 24 ఏళ్లు దాటని పెట్రోలు వాహనాలకు ఈ పరీక్ష ఉంది. టెక్సాస్ 2025 జనవరి నుంచి మామూలు వాహనాలకు భద్రతా తనిఖీ ఎత్తేసినా, ఇది ఉండిపోయింది. లైటు వెలుగుతుంటే తప్పినట్టే. 2001, ఆ తర్వాతి మోడల్‌లో ఒక మానిటర్ వరకు నిండకపోయినా ఒప్పుకుంటారు, అంతకన్నా ఎక్కువైతే మళ్లీ రమ్మంటారు. పరీక్షకు ముందురోజు రాత్రి కోడ్ చెరిపి తీసుకెళ్తే లాభం లేనిది అందుకే.

పాత పికప్ కొనేవాళ్లకూ ఇదే స్కానర్ పనికొస్తుంది. ముందు స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి చూడండి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో కావాలని తీసేసి ఉండాలి. వెలిగి ఆరింది, కోడ్‌లు లేవు, కానీ మానిటర్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయంటే ఈమధ్యే కోడ్‌లు చెరిపారో, బ్యాటరీ తీశారో. కారణం అడగండి. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగులో ట్రిమ్ చూడండి. పదిహేను పైన ఉంటే లైటు ఇంకా వెలగలేదంతే, త్వరలో వెలగవచ్చు. అలాంటప్పుడు బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపి చల్లారాక, థ్రాటిల్ బాడీ వెనక ఆ రబ్బరు మోచేయిని ఒకసారి తడిమి చూసి, ఆ తర్వాత బేరం మొదలుపెట్టండి.